కర్పూరం కళ్లజోడు

మొన్న కూరల బజారులో వంకాయలు కొని సంచీ అడిగితే, కూరలవాడు పల్చటి సంచీ ఒకటి ఊడదీసి ఇచ్చాడు. "ఇది మామూలు ప్లాస్టిక్ కాదమ్మా, మొక్కజొన్న పిండితో సేసినారంట. మట్టిలో కలిసిపోతాది" అని గొప్పగా చెప్పాడు. అబ్బో, ఏదో ఇవాళే కనిపెట్టినట్టు! పత్తితో, కర్పూరంతో చేసిన ప్లాస్టిక్ ఎనభైల మొదట్లోనే మా ఆయన ముక్కు మీద కూర్చుని ఉండేదిరా బాబూ అందామనుకున్నాను గానీ, సంచీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. కూరలవాడు నన్ను వింతగా చూశాడు.

అప్పట్లో మేం సీతమ్మధారలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. మా ఆయన, నేను, మా అత్త. మా ఆయన పోర్టులో క్రేన్ డ్రైవరు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. దానికోసం ఓడల్లో వచ్చే పెద్ద పెద్ద పెట్టెల్ని ఎత్తి ఒడ్డున దించేవాడు. కింద నిలబడ్డ మనుషులు చెయ్యి ఎటు ఊపుతున్నారో ఆ పైనుంచి చూసి దించాలి. చూపు తప్పితే పెట్టె మనిషి మీదే పడుతుంది. గేదెలు కాసుకునే ఇంట్లో పుట్టి అంత ఎత్తు ఎక్కి కూర్చున్నానని ఆయనకు మహా గర్వం. సముద్రం నాకంటే కిందుంటుందే అనేవాడు.

ఆ కళ్లజోడు ఓడ సరుకు. మా వీధిలో ఓడ సరుకంటే అందరికీ పిచ్చి. సబ్బు ముక్క అయినా సరే, ఓడలో వచ్చిందంటే నలుగురూ చూడ్డానికి వచ్చేవారు. ఎవరో ముసలి నావికుడు మా ఆయనకు ముచ్చటపడి ఇచ్చిన ఫ్రేము అది. గుండ్రంగా, పెద్దగా, తేనె రంగులో అక్కడక్కడ ముదురు మచ్చలతో ఉండేది. అద్దాలు వేయించడానికి తీసుకెళ్తే, కళ్లజోళ్ల షాపాయన దాన్ని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూశాడు. ఆయనది గోదావరి జిల్లా.

"ఇది సెల్యులాయిడ్ అండి. పత్తిని యాసిడ్లో నానేసి, కర్పూరం కలిపి చేస్తారండి. పాతకాలం దువ్వెనలు, ఆడుకునే బొమ్మలు, పింగ్‌పాంగ్ బంతులు, అన్నీ ఇదేనండి. ఫ్రేములకి ఇప్పుడు మానేశారు. నిప్పుకి దూరంగా ఉంచండి, ఆయ్. అంటుకుందంటే ఆపలేరు."

ఇంటికొచ్చి ఆయన ఇదంతా చెబితే మా అత్త చెవికి కర్పూరం ఒక్కటే ఎక్కింది. తనూ రుద్ది వాసన చూసింది. "ఒలమ్మా! అప్పన్న కోవిల వాసనే! ఇది మన సింహాచలం సామి పంపినాడ్రా" అని కళ్లకద్దుకుంది. ఇంక ఆ రోజునుంచి జోడును ఆవిడ కళ్లకద్దుకుని ఇస్తేగాని మా ఆయన గడప దాటడానికి లేదు. "మీ అబ్బాయికి గుడి కట్టేస్తే సరిపోతాది అత్తా" అని నేను ఏడిపించేదాన్ని.

"నిప్పు కాడికి తీసికెళ్లకు, అంటుకుంటాదంట" అని కూడా చెప్పాను.

"ఆమాత్రం నాకు తెల్దేటే? పొయ్యి కాడ పెడతానేటి?" అని కసిరింది. అన్నట్టే, పొయ్యికి దూరంగా, ఇంట్లోకెల్లా భద్రమైన చోటని దేవుడి గూట్లో పెట్టేది. నాకూ అది భద్రమైన చోటనే అనిపించింది.

ఆ ఏడు క్రేన్ డ్రైవర్లందరికీ కళ్ల పరీక్ష అన్నారు. సొంత జోడు పెట్టుకుని వచ్చి చార్టు చదవాలి. చదవలేనివాణ్ణి క్రేను దించేసి గేటు దగ్గర కూర్చోబెడతారు. రానివాణ్ణీ అంతే. అలా దిగినవాణ్ణి మళ్లీ ఎక్కించడం ఎవరూ చూడలేదు. మా ఆయనతో పనిచేసినాయన ఒకడు అంతకుముందే దిగిపోయి గేటు దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. ఆయన ముఖం చూడలేక మా ఆయన వేరే గేటునుంచి తిరిగి వెళ్లేవాడు. పరీక్ష దగ్గరపడేకొద్దీ అన్నం సరిగా తినడం మానేశాడు. పలకరిస్తే కస్సుమనేవాడు. గోడ మీది క్యాలెండరు అంకెల్ని దూరంనుంచి చదువుకుంటూ, చదివింది నిజమో కాదో దగ్గరికెళ్లి చూసుకునేవాడు.

పరీక్ష రోజు పొద్దున ఆయన స్నానం చేస్తున్నాడు. నేను వంటింట్లో ఉప్మా కలుపుతున్నాను. దేవుడి గూటి దగ్గర అత్త గంట వాయిస్తోంది. దసరాకు పనిముట్లకు బొట్టు పెట్టి హారతి ఇస్తాం కదా, అలాగే ఈవిడ కొడుకు జోడును ఇత్తడి పళ్లెంలో పెట్టి, ఫ్రేముకు కుంకుమ బొట్లు పెట్టి, అదే పళ్లెంలో కర్పూరం వెలిగించి అప్పన్న పటానికి తిప్పుతోంది. పొయ్యిలోది నిప్పని ఆవిడకు తెలుసు. కానీ హారతి ఆవిడకు ఎప్పుడూ నిప్పు కాదు. హారతి హారతే.

భగ్గుమన్న చప్పుడు వినబడి పరిగెత్తాను. వెలుగుతున్న బిళ్ల జారి ఫ్రేముకు తగిలిందట. మతాబు అంటుకున్నట్టు ఒక్కసారిగా తెల్లగా మండిపోయింది. నేను గుమ్మం దాటేలోపే అత్త చెంబులో నీళ్లు పళ్లెంలో గుమ్మరించేసింది. టప్పున అద్దం పగిలింది. పళ్లెంలో నల్లటి బంక, పగిలిన అద్దం, పగలని అద్దం ఒకటి మిగిలాయి. గదంతా కోవెల వాసన.

మా ఆయన ఒంటిమీద నీళ్లు కారుతుండగానే వచ్చి చూశాడు. గోడకు చేరగిలబడి కిందికి జారిపోయాడు. "అయిపోయిందే. దించేత్తారు నన్ను" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "సంపేసినావు కదే అత్తా! కన్నకొడుకు నోట్లో మట్టి కొట్టేసినావు! సెప్పినానా నేదా నిప్పు కాడికి తేవొద్దని?" అని అరిచాను. ఆవిడ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని మూల నిలబడింది. అలా నిలబడ్డం చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది.

పగలని అద్దాన్ని పమిట చెంగుకు ముడేసి, ఆయన్ని లేపి, చొక్కా తొడిగించి, షాపాయన ఇంటికి లాక్కెళ్లాను. ఇల్లు షాపు వెనకాలే. తలుపు బాదితే నోట్లో వేపపుల్లతో వచ్చాడు.

అద్దాన్ని వెలుతురులో పట్టి చూశాడు. "బతికారండి. మిగిలింది ఎడమదే. కుడికన్ను నంబరు మామూలిది, నా దగ్గరుంది. ఈ ఎడమది వంకర నంబరండి, మద్రాసు నుంచి రావాలి. ఇది గానీ పగిలిందా, ఇంక నేనేం చెయ్యలేనమ్మా."

"మరింకేటి, కొత్త ఫ్రేములో పెట్టీండి" అన్నాను.

"పాతది పెద్ద ఫ్రేమండి. ఇప్పుడున్నవన్నీ చిన్నవి. ఈ అద్దాన్ని చుట్టూ కొరికి చిన్నది చెయ్యాలి. మంట తగిలిన అద్దమండి ఇది. నాకు భయంగానే ఉంది."

మా ఆయన తల పక్కకు తిప్పేసుకున్నాడు. షాపాయన పట్టకారు తీసుకుని అంచును కొంచెం కొంచెంగా కొరకడం మొదలుపెట్టాడు. కటుక్కుమన్నప్పుడల్లా నా ప్రాణం పైకొచ్చేది. మధ్యలో ఒకసారి పెద్ద పెచ్చు ఊడింది. షాపాయన ఆగిపోయి అద్దం వైపే చూస్తూ ఉండిపోయాడు. నేను అప్పన్నకు ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలియదు. "లోపలికి పోలేదండి" అని ఆయన అన్నాక గాని నాకు ఊపిరి ఆడలేదు. సానరాయి మీద అంచు అరగదీసి, నల్లటి చవక ఫ్రేములో రెండద్దాలూ బిగించి, మా ఆయన్ని తన స్కూటరు మీద ఎక్కించుకుని పోర్టుకు తీసుకెళ్లాడు మహానుభావుడు.

నేను ఇంటికొచ్చేసరికి అత్త ఆ మూలే కూర్చుని ఉంది. నేను పలకరించలేదు. అన్నం వండి, కంచం ఆవిడ ముందు ఠంగుమని పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు. ఇంకా పౌరుషం కూడానా అనుకుని, నా గిన్నె మీద మూత పెట్టేసి వీధి గుమ్మంలో కూర్చున్నాను. సైకిలు గంట వినబడినప్పుడల్లా లేచి చూశాను. ఎండ తగ్గుతుండగా మా ఆయన నడుచుకుంటూ వచ్చాడు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఏటైంది? సెప్పవేం?"

"ఎక్కమన్నారే" అన్నాడు. అని గుమ్మంలోనే పసిపిల్లాడిలా ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను.

లోపలికెళ్లి తల్లి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆవిడ ఎడమచేత్తో తల నిమిరింది. ఆయన వంగినవాడు వంగినట్టే ఉండి తలెత్తాడు.

"కుడిసెయ్యి ఏదమ్మా?"

"ఏటీ నేదురా. నువ్వు కాళ్లు కడుక్కో, ఎల్లు."

ఆయన కొంగు లాగేశాడు. అరచెయ్యంతా బొబ్బలు. మధ్యలో తేనెరంగు ముక్క ఒకటి తోలుకు అంటుకుపోయి ఉంది. మండుతున్న ఫ్రేమును పళ్లెంలోంచి ఉత్తచేత్తో తీసి ఆర్పబోయిందన్నమాట. అది చేతికే అంటుకుపోయింది. నీళ్లు పోసింది ఆ తర్వాత.

"కాలిపోతందని పట్టుకున్నాను నాయనా. నిలబడ్నేదు" అంది.

పొద్దుటినుంచీ ఒకే ఇంట్లో ఉన్నాను. నా కళ్లకు అప్పటికి జోడు అవసరం కూడా లేదు. అయినా నేను చూడలేదు.

వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఆ ముక్కను తడిపి తడిపి ఊడదీస్తుంటే ఆవిడ ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. ఇంటికొచ్చాక అన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. ఆవిడ ముద్ద అందుకోకుండా పొయ్యి పక్కన నేను మూత పెట్టిన గిన్నె వైపు చూసింది.

"పొద్దున్నుంచి నువ్వూ తిన్నేదు కదే గుంటా" అంది.