కట్టె సందులో నిలబడ్డ ఆవు

టకువారెంబో పట్నానికి ఉత్తరాన ఉన్న ఆ పశువుల వేలంశాలలో కంప్యూటరు మొరాయిస్తే మేనేజరు వల్దెమార్ ముందు దాని నెత్తిన ఒకటిచ్చి, ఆ తర్వాత ప్రోగ్రాములు రాసే నెలీదాను పిలుస్తాడు. ఆ రోజు ఒకటిచ్చి కూడా చాలాసేపయింది.

గుమ్మంలో ఉబాల్దో తాత టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బయట లారీలో ఆయన దూడలు అరుస్తున్నాయి. మధ్యాహ్నం వేలంలోగా వాటి అనుమతి చీటీ రాకపోతే ఇంటికి తోలుకుపోవాల్సిందే. ఆ కరువులో ఇంటి దగ్గర పెట్టడానికి గడ్డిపరక లేదు. చీటీ ఇవ్వాల్సిన ప్రోగ్రామేమో జిల్లా పశువుల చెవిబిళ్ళల ఫైలు తెరవగానే చతికిలబడుతోంది.

"మెమరీ చాలదు, కొనాల్సిందే" అని కిందటి వారం నెలీదా బల్లగుద్ది చెప్పింది. కొన్నారు. అయినా చతికిలబడింది. వల్దెమార్ అలాంటివి మరిచిపోయే మనిషి కాడు.

"ఏమ్మా, ఇంకోటి తెప్పించమంటావా? నా కారు అమ్మేయనా?"

"మీ కారు అమ్మితే మౌస్ కూడా రాదు సార్."

తన మాట తప్పని తేలితే చాలామంది ముడుచుకుపోతారు. నెలీదాకు మాత్రం ఆసక్తి పుట్టుకొస్తుంది. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, మాతే ఆకు నింపిన సొరబుర్రలో కాసిని వేణ్ణీళ్ళు పోసి, గొట్టంతో పీల్చి, మళ్ళీ కాసిని పోసుకుంటూ ఆలోచించింది. ఫ్లాస్కంతా ఒక్కసారే కుమ్మరిస్తే ఒళ్ళు కాలుతుంది. తన ప్రోగ్రాము చేస్తున్న పని అదే, ఫైలు మొత్తాన్ని ఒక్క గుక్కలో మింగబోతోంది. ఒక వరుస చదివి, కావలసింది ఉంచుకుని, మిగతాది వదిలేసి ముందుకు పొమ్మని మార్చింది.

ఇప్పుడు పడిపోలేదు. అలాగని అయిపోనూ లేదు. ఎక్కడిదాకా వచ్చావో చూపించమని ప్రోగ్రామును అడిగింది. తెరనిండా ఒకటే చెవిబిళ్ళ నంబరు. కిందికి జరిపింది. మళ్ళీ అదే.

"ఎవరిదీ ఆవు?"

వల్దెమార్ వంగి చూశాడు. "ఉబాల్దోది! ఏం తాతా, బిళ్ళలు చదివే మిషన్ని దాని మెడకి కట్టావా? ఒక్క ఆవే జిల్లా ఫైలంతా మేసేసింది!"

ముసలాయన టోపీ నలిపాడు. "నాకేం తెలుసు బాబూ. ఏదో నొక్కేసుంటాను. తప్పు నాదే అయ్యుంటుంది."

నెలీదా ఆ వరుసల తేదీ చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. అది ఆ మిషన్ బిగించడానికి తాత ఇంటికి తాను వెళ్ళిన రోజు. పశువుల్ని ఒక్కొక్కటిగా నిలిపే కట్టె సందులో ఒక ఆవును నిలబెట్టి, మిషన్ చదువుతోందని చూసుకుని, "ఒక్క బుర్ర మాతే తాగి వెళ్ళమ్మా" అని తాత అంటే అరుగు మీద కూర్చుంది. మాతే దగ్గర నోరు తెరిచి చాలు అనేదాకా బుర్ర నింపి ఇస్తూనే ఉంటారు. ఆ రోజు చాలనడానికి ఎవరికీ నోరు రాలేదు. పొద్దు వాలింది. ఆవు మిషన్ పక్కనే నెమరేస్తూ నిలబడింది. మిషన్ దాన్ని చదువుతూనే ఉంది.

ఆ వరుసలు గుట్టుగా తీసిపారేస్తే సరిపోతుంది. నింద మోయడానికి తాత సిద్ధంగానే ఉన్నాడు.

"తాతది కాదు సార్, నాది. మిషన్ ఆపకుండా మాతేకి కూర్చున్నాను."

"పొద్దుగూకేదాకానా?"

"వాళ్ళావిడ వేడివేడిగా రొట్టెలు వేయించి పెట్టింది మరి."

ఆఫీసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది తాతే. నవ్వులు ఆగేలోపే, ఒకే ఆవు వెంటవెంటనే వస్తే ఒక్కసారే లెక్కేసుకోమని నెలీదా ప్రోగ్రాముకు నేర్పింది. చీటీ బయటికొచ్చింది.

లారీ ఎక్కబోతూ ఉబాల్దో అలవాటుగా బుర్ర అందించాడు. ఆమె తాగి తిరిగిచ్చింది. ఆయన మళ్ళీ ఫ్లాస్కు వంచబోయాడు.

"చాలు తాతా. వేలానికి పరిగెత్తు."

కిటికీలోంచి వల్దెమార్ కేక వినిపించింది.

"ఓరి దేవుడా, చాలనడం నేర్చుకుందిరా!"