గట్టు మీద విత్తనం వేసింది నేను

మా అక్క పోయి వారం దాటింది. పత్తి తీతకు కూలీలను పిలవడానికి వెళ్లి, ఒకరి అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగిందట. చెంబు తెచ్చేలోపే పక్కకు ఒరిగిపోయింది. కబురు వచ్చేసరికి నేను ఆమెను తిడుతూ ఉన్నాను, మోటారు ఆపకుండా పోయిందని.

అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోడికోడలు. మా వారికి అన్నభార్య. మావి పక్కపక్క చేలు. రెంటికీ ఒకటే బోరు, మధ్యలో ఒకటే గట్టు. నీళ్ల వంతు దగ్గర మేమిద్దరం అరుచుకుంటే పొలాల్లో కొంగలు లేచిపోయేవి. మళ్లీ మధ్యాహ్నం ఒకే చెట్టు కింద క్యారేజీలు విప్పుకునేవాళ్లం.

ఆమెను ఇంకా సాగనంపకముందే, చూడటానికి వచ్చిన ఒకాయన మా వాకిట్లో నిలబడి పక్కవాడితో, "గంజాయి కేసు ముసలమ్మ ఈవిడేగా?" అన్నాడు. నా చెవిన పడింది. అందుకే ఇది చెబుతున్నాను. నాకు అక్షరం రాదు, మనవరాలు రాస్తోంది. పెద్దకర్మకు వచ్చే ప్రతి మనిషి చేతిలోనూ ఈ కాగితం పెడతాను. ఆ మొక్కలు వేసింది మా అక్క కాదు. నేను.

మూడేళ్ల క్రితం మాట. తామర పురుగు మిరపను తినేసి, మాకు ఏం చేయాలో తోచని ఎండాకాలం. అద్దంకి వైపు నుంచి బండి మీద ఒకడు వచ్చాడు. "కొత్త రకం గోగు పెద్దమ్మా, నారకు తీసుకుంటాం. గట్టు మీద వేసి తడిపితే చాలు. పూతకు రాగానే నేనే వచ్చి కోసుకుపోతా" అని విత్తనం ఇచ్చాడు. రోహిణి కార్తెలో బోరు నీళ్లు పారే గట్టు వెంట వేశాను. అక్కకు చెప్పలేదు. చెబితే వంద ప్రశ్నలు వేస్తుంది. మొలిచాక చూస్తే అచ్చం గోగాకే. వేళ్లు చాపినట్టు చీలి, అంచున రంపపు పళ్లతో ఉంది. నాకు ఏ అనుమానమూ రాలేదు.

అక్కకు ఒక అలవాటు ఉండేది. తెల్లవారగానే చెప్పులు లేకుండా గట్లన్నీ తిరిగేది. కనబడిన ప్రతి ఆకూ తుంచి నోట్లో వేసుకునేది. "మేకవా నువ్వు?" అంటే, "మేకే నయం. నీలాగా మందు డబ్బా మీద బొమ్మ చూసి వ్యవసాయం చెయ్యదు" అనేది. ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో ఆమెకు పగటి పొడుగును బట్టి తెలుసు. గోగైనా కందైనా పగలు పొట్టిదైతే గాని పూయదని చెప్పేది. "పొద్దు కొలత తెలియని మొక్కని నమ్మకే" అనేది. నేను నవ్వేదాన్ని.

ఆరుద్ర కార్తెలో ఒక పొద్దున గట్టు మీద నుంచి కేక వినబడింది.

"ఒసేయ్, ఇలా రా! ఏంటే ఇది?"

"గోగక్కా. కొత్త రకం."

"మోకాలెత్తు లేదు, అప్పుడే పూసింది. ఇంత పొడుగు పగళ్లలో గోగు పూయగా ఎప్పుడన్నా చూశావా?" ఆకు తుంచి నమిలింది. తుపుక్కున ఉమ్మింది. "గోంగూర పులుపేదే? ఎవడిచ్చాడు?"

జరిగింది చెప్పాను.

"నారకైతే కాడ కావాలి గాని, పూత దేనికే వాడికి?"

ఆ మాట నాకు తట్టనే లేదు. పువ్వు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. వేళ్లకు జిగట అంటుకుంది. చిన్నప్పుడు వాళ్ల ఊరి శివార్లో సాధువుల మఠం దగ్గర గంజాయి చూసిందట. అది మనిషిని మించి పెరిగి, చలికాలం వస్తుంటే పూసేదట. "వాసన అదే. కాకపోతే ఇది పొద్దుతో పని లేకుండా పూసే రకం. పొట్టిది కాబట్టి ఎవరి కంటా పడదు. రెండు నెలల్లో కోసుకుపోవచ్చు. తెలివిగలోడే" అంది.

పీకి తగలబెడదామన్నాను.

"పీకితే నీ గట్టు బాగుపడుద్ది. వాడు పోయి ఇంకో ముసల్దాని గట్టు చూసుకుంటాడు. చీర మార్చుకో, స్టేషనుకి పోదాం."

"జైల్లో వేస్తారక్కా!"

"వేస్తే ఇద్దరం పోదాం. అక్కడ నీళ్ల వంతుండదు, కొట్లాట తప్పుద్ది."

స్టేషన్లో ఎస్సై, "ఎవరిదమ్మా గట్టు? ఎవరు వేశారు?" అని అడిగాడు. ఊరంతా వినబడేలా అరిచే నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అక్క నా ముందుకు వచ్చి నిలబడింది. "గట్టు నాదండి. తెలియక నేనే వేశాను. ఇచ్చినోడు పూత కోసం వస్తాడు, కాపు కాయండి" అంది.

వారం తిరక్కుండానే వాడు కొడవలితో సహా దొరికాడు. కానీ కేసులో అక్క పేరు కూడా ఎక్కింది. రెండేళ్లు వాయిదాలకు తిరిగింది. తెలియక వేసిందని, తనే వచ్చి చెప్పిందని చివరికి కోర్టు వదిలేసింది. ఊరు వదల్లేదు. నిజం చెప్పేస్తానని నేను అన్నప్పుడల్లా, "పత్తి తీత అవనీ" అనేది, "మిరప కోత అవనీ" అనేది. నేనూ సరేననేదాన్ని. దాచడమెందుకు, ఆమె అలా అన్నప్పుడు నాకు హాయిగానే ఉండేది. అది నా తప్పు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆనాటి నుంచి మా ఊరి ఆడవాళ్లు ఊరూ పేరూ తెలియని విత్తనాన్ని అక్కకు చూపించకుండా వేయలేదు. వెనక గంజాయి ముసలమ్మ అన్నవాళ్లు కూడా కొంగున విత్తనం కట్టుకుని ఆమె వాకిట్లోకే వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ ఆడవాళ్లకు పగటి పొడుగు చూసి, పూత చూసి మొక్కను పోల్చుకోవడం వచ్చింది. ఎవడైనా పొట్లంతో వస్తే వాళ్లే నిలదీస్తున్నారు.

ఇక అక్క కూతురు. పెదకాకానిలో అత్తగారింట్లో ఎన్ని మాటలు పడిందో నాకు తెలుసు. తలవంపులు తెచ్చిందని అమ్మ మీద అలిగి, మూడేళ్లుగా పొలం వైపు అడుగు పెట్టలేదు. ఊరికి చెప్పే ముందు ఆమెకు చెప్పాలి కదా. నిన్న సాయంత్రం మనవరాలు ఇంతవరకు రాసింది అక్క కూతురికి చదివి వినిపించింది. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఒక్కసారన్నా అమ్మని అడగాల్సింది పిన్నీ" అంది.

"అడిగినా చెప్పేది కాదమ్మా. మొండిది."

ఏడుస్తూనే నవ్వింది. "రేపు పొద్దున చేలోకి వస్తా" అంది.

ఇవాళ తెల్లవారి ఇద్దరం వెళ్లాం. పత్తి కాయలు విచ్చుకుని చేను తెల్లగా ఉంది, కొమ్మల నిండా మంచు. గట్టు ఎక్కగానే నా చెయ్యి వదిలేసి ముందుకు నడిచింది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసిపోతున్నాయి. ఆమె ఎత్తి పట్టుకోలేదు. గట్టు చివరిదాకా అలాగే నడిచి వెళ్లింది.