బొట్టు పెట్టిన గోడ

లింగవ్వ ఆ రోజు భయపడింది అమ్మవారికా, కరెంటుకా? ఇన్నేళ్లయినా తేలలేదు. బతికినన్నాళ్లూ ఏ కిరాయి ఇంట్లో దిగినా ముందు చేతి వెనకవైపుతో గోడలను తాకి చూసేది. తాకిన చోటే శుక్రవారం బొట్టూ పెట్టేది.

సిరికొండ అడవి పక్కన కందిలి వెలుగులో పెరిగిన మనిషి. మొగుడు భూమన్నకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పని దొరికాక ఒక్క గదిలో కాపురం. సొంతిల్లంటే ఆమెకూ పాణమే. పందొమ్మిది వందల అరవై ఎనిమిది వానాకాలంలో, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన జగన్మోహనరావు ఇల్లు అమ్ముతున్నాడంటే, నడక నేర్చిన బిడ్డను చంకనేసుకొని మొగుడి వెంట చూడబోయింది.

పెరట్లో కాళ్లూ చేతులూ కడుక్కొని లోపలికొస్తూ, తడిచేత్తో గోడ పట్టుకుంది. భుజం దాకా జుమ్మంది.

“వామ్మో! గోడ గుంజిందయ్యో!”

జగన్మోహనరావు భార్య ఇందిరాదేవి నవ్వింది. స్విచ్చి కింద, చెమ్మెక్కిన చోట, పసుపు రాసి వరసగా కుంకుమ బొట్లు.

“భయపడకమ్మా. అమ్మవారు. వానలు పడితే పలుకుతుంది. నేను ఏ శుక్రవారమూ బొట్టు తప్పించలేదు.”

భూమన్న రుమాలు తీసి గోడకు దండం పెట్టాడు. “తల్లే పిలిచిందే. ఇల్లు మనదే!”

అంతలో బల్బు ఆరిపోయింది. లింగవ్వ బిడ్డను కింద దింపి, ఒక వేలు గోడకు ఆనించింది. ఏమీ లేదు. అరచెయ్యి మోపింది. చల్లటి గోడ, అంతే.

“కరెంటు పోంగనే తల్లి ఏడికి పోయిందయ్యా?”

“కండ్లు పోతయే! లెంపలేసుకో.”

వేసుకుంది. వేసుకుంటూనే వెనక్కి చూసింది. బిడ్డ చెరుకు ముక్క చీకుతోంది. మోచేతుల దాకా రసం కారుతోంది. బల్బు మళ్లీ వెలిగింది. ఎర్రటి బొట్లు కనబడ్డాయి బిడ్డకు. నవ్వుకుంటూ తప్పటడుగులతో గోడ దగ్గరికి పోయి, చెయ్యి చాపింది.

లింగవ్వ ఎట్లా ఉరికిందో తెలియదు. ఆ చెయ్యి గోడకు తగలకముందే జబ్బ పట్టి గుంజింది. చెరుకు ముక్క గోడ మొదట్లో పడింది. బిడ్డ గుక్కపట్టింది.

“ఏమైందే? ఇల్లు కొంటనని మాట ఇచ్చిన నేను!” అన్నాడు భూమన్న.

“ఉండమ్మా, బొట్టు పెట్టించుకుని వెళ్లు,” ఇందిరాదేవి భరిణె పట్టుకొని వాకిట్లోకి వచ్చింది.

ఎవరి గడప దాటినా ‘పోయొస్త’ అనడం మరవని మనిషి, బిడ్డ రెండు చేతులనూ తన గుప్పిట్లో బిగించి, వెనక్కి చూడకుండా వానలోకి దిగిపోయింది.