ఓనరాంటీ చిక్కుడు గింజలు

ఒక వంశం నా చేతుల మీదుగా అంతరించింది. కంగారు పడకండి, చిక్కుళ్ల వంశం. అయినా వెంటనే నవ్వకండి, ఆ పాపం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

కొత్తగా పెళ్లయి కర్మన్‌ఘాట్‌లో పై వాటా అద్దెకు తీసుకున్న రోజులు. మాది తెనాలి వైపు. కింద ఉండే ఓనరాంటీది పోచంపల్లి దగ్గర పల్లె. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మేడ ఎక్కలేదు. ఒకరోజు నన్ను పిలిచి, కొంగు ముడి విప్పి, గుప్పెడు నల్లటి గింజలు చేతిలో పోసింది.

"మా అవ్వ పెంచిన చిక్కుడు బిడ్డా. అవ్వ పోయింది, ఊళ్ల పాదు గూడ పోయింది. గివే మిగిలినయ్. జర మేడ మీద పెట్టి పెంచు."

"నాకు వదిలేయండి ఆంటీ! మా నాన్నగారిది వ్యవసాయం" అన్నాను. ఆయనది వ్యవసాయ శాఖలో గుమాస్తా ఉద్యోగం. ఆ వివరం ఇప్పుడెందుకులే అనుకున్నాను.

గింజలన్నీ మేడ మీద కుండీల్లో ఒకేసారి నాటేసి, పైన పందిరి వేశాను. కొన్ని దాచుకుంటే నా సేద్యం మీద నాకే నమ్మకం లేనట్టు కదా! పాదు పందిరంతా అల్లుకుంది. అప్పుడు దొంగల భయం పట్టుకుంది. పక్క మేడలు ఆనుకునే ఉన్నాయి, కాస్తే ఎవరైనా కోసుకుపోరూ? దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి పెద్ద ఫోకస్ లైటు కొనుక్కొచ్చి పాదు మీదకు తిప్పాను. సాయంత్రం వేస్తే తెల్లవార్లూ ఆ పందిరి కింద ఎవరిదో పెళ్లి జరుగుతున్నట్టు ఉండేది.

చలి మొదలైంది. కాలనీలో అందరి చిక్కుళ్లూ పూశాయి. మాది ఒట్టి ఆకు.

"పూత పట్టిందా బిడ్డా?" కింద నుంచి ఆంటీ.

"రేపో మాపో ఆంటీ!"

"ఆ లైటు ఆర్పండి. నాకు నిద్ర పడుతుంది, పాదుకీ పడుతుందేమో" అంది మా ఆవిడ.

"నీకేం తెలుసు వ్యవసాయం?" అన్నాను, గుమాస్తా గారి అబ్బాయిని.

చివరికి విసుగొచ్చి, ఇది కాసే పాదు కాదని తేల్చి, మొదలంటా నరికేశాను. తీగలు లాగుతుంటే నీళ్ల ట్యాంకు వెనక, లైటు పడని మూలలో మాత్రం కొన్ని లేత కాయలు! రాత్రి చీకటిగా ఉంటేనే చిక్కుడు పూస్తుందని అప్పుడు బోధపడింది. కంచె చేను మేయడం మీరు విన్నారు. మా మేడ మీద కాపలా దీపం కాపును మింగింది.

సరే, దొరికినవైనా ఆంటీకి ముట్టజెబుదామని అన్నీ కోసి, మా ఆవిడ చేత కొబ్బరి వేసి కూర చేయించి, గిన్నె పట్టుకుని కిందికి వెళ్లాను. ఆంటీ ఒక ముద్ద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"గదే రుచి. మా అవ్వ ముంగట కూసున్నట్టున్నది." కళ్లు తుడుచుకుని అడిగింది. "ఇత్తనానికి ఎన్ని కాయలు ఇడ్సిపెట్టినవ్ బిడ్డా?"

నేను గిన్నెలోకి చూశాను. ఆవిడా గిన్నెలోకి చూసింది.

"పోనీ, పాదున్నది గద? మళ్ల కాస్తది తియ్."

"పొద్దున్నే... నరికేశానండీ."

ఆంటీ నన్ను తిట్టినా బాగుండేది. గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక్కో ముక్కా నెమ్మదిగా నములుతూ తినసాగింది.

"నీకు పెట్ట బిడ్డా. ఆఖరుసారి గద, అంత నేనే తింట."

అందుకే ముక్కోటి దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో కందిగింజ కూడా మట్టిలో పెట్టను. ఎవరైనా విత్తనాలు ఇవ్వబోతే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడతాను.