డబ్బాలో ‘మందు’

1974లో నన్ను విజయవాడలో ఒక మేజిస్ట్రేటు కోర్టుకు అనువాదకుడిగా వేశారు. పోలీసుల తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చడం నా పని. టెర్రరిస్టు అంటే ఎవరో ఆ ఏడాది చట్టానికి నేర్పింది నేనే. జైలు గుమ్మం దాకా వెళ్ళిన రైతును వెనక్కి తెచ్చిందీ నేనే.

ఆ రైతు యేసుపాదం, దివిసీమలో కౌలుదారు. బస్టాండులో కానిస్టేబులు అతని సంచి తడిమి, డబ్బాలో ఏముందన్నాడు. ‘మందండీ’ అన్నాడితను. మర్నాటికి రిమాండు రిపోర్టు, అంటే నిందితుణ్ణి జైల్లో ఉంచమని కోర్టును కోరే కాగితం, ‘తీవ్రవాది, సంచిలో మందు’ అంటూ మా బల్ల మీదికి వచ్చింది. మేజిస్ట్రేటు గారు సరేనంటే పదిహేను రోజులు సబ్‌జైలు. అక్కడ చేనుకు పురుగు పట్టి ఉంది.

తీవ్రవాది అంటే ఏ సెక్షనని మేజిస్ట్రేటు గారు సర్కారు వకీలును అడిగారు. ఆయన శిక్షాస్మృతి అటూ ఇటూ తిరగేశారు. అప్పట్లో అందులో ఆ మాటే లేదు. మనిషి ఏం చేశాడు, దగ్గర ఏం పెట్టుకున్నాడు, ఎందుకు పెట్టుకున్నాడు, ఇంతవరకే చట్టం చూసేది. ఇక మిగిలింది డబ్బా.

ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ సెక్షను ప్రశ్న నాదేనని మా ఇంట్లో ఏళ్ళ తరబడి చెప్పుకున్నాను. నిజానికి నేను చేసిన ఘనకార్యం, ‘మందు’ను ఇంగ్లీషులో పేలుడు పదార్థంగా మార్చడం. బెజవాడ నడిబొడ్డున బందరు రోడ్డులో పుట్టి పెరిగినవాణ్ణి, తుపాకి మందు తప్ప మరోటి తోచలేదు.

నా అనువాదం చూసి మేజిస్ట్రేటు గారు, ‘పేలుడు మందు ఎక్కడిదయ్యా?’ అన్నారు.

‘పేలుడేంటి బాబూ, వరికి చల్లేదండీ! రాసినాయన పొలం మొహం ఎప్పుడన్నా చూశాడా అసలు?’ అన్నాడు యేసుపాదం.

మేజిస్ట్రేటు గారిది సేద్యం చేసే కుటుంబం. డబ్బా తెప్పించి మూత తీయించారు. పురుగుమందు వాసన హాలంతా నిండింది. రిమాండు నిరాకరించి అతణ్ణి అప్పటికప్పుడే వదిలేశారు. తప్పుకు సంజాయిషీ అడుగుతూ నాకు మెమో ఇవ్వలేదు. ఇకమీదట అనుమానం వస్తే ఆ మాట అన్న మనిషినే అడిగి రాయమన్నారు, అంతే. నా ఉద్యోగం నిలిపిన ఆయనకూ, చేను దక్కాక కోపం పెట్టుకోని యేసుపాదానికీ నేటికీ రుణపడి ఉన్నాను. పేరు రాసేముందు వస్తువును చూడాలని అక్కడే నేర్చుకున్నాను.

నిరుడు గుణదల ఉత్సవంలో యేసుపాదం కనిపిస్తే, ఇద్దరం కలిసి చట్టాన్ని గెలిపించామని అతని మనవరాలికి చెప్పబోయాను.

‘ఇద్దరమా?’ అన్నాడు. ‘మూత తియ్యగానే బాంబనుకుని బల్ల కింద దూరింది తమరు కాదటండీ?’