పైకి చెప్పుకుంటూ చేసిన లెక్కలు

మా లెక్కల సారు పోయారు. ఆ కబురు ఆయన నంబరు నుంచే వచ్చింది. మంగళవారం పదకొండు గంటలకు క్లాసు గ్రూపులో ఆయన పేరు కనబడేసరికి పరీక్ష ఫలితం కాబోలనుకుని, ఆత్రంగా తెరిచాను. "మీ సారు తెల్లారంగ పోయిండు. క్లాసు పిల్లలకు చెప్పుమని ముందుగాలనే అన్నడు. గందుకే పెడుతున్న" అని ఉంది. రాసింది ఆయన భార్య అని అర్థం కావడానికి రెండుసార్లు చదవాల్సి వచ్చింది. అదే సమయానికి నా హెడ్‌సెట్‌లో ఏడో అంతస్తు మనిషి ఒకాయన ఏసీ మరీ చల్లగా ఉందని అరుస్తున్నాడు. "నోట్ చేసుకున్నాను సార్, మనిషిని పంపిస్తాను సార్" అన్నాను. నా తర్వాతి షిఫ్టు అమ్మాయి రెండింటికి గానీ రాదు. ఆమె వచ్చేదాకా నేను కుర్చీలోంచి లేవకూడదు. మూడు గంటలపాటు నీళ్ల క్యాన్ల గురించీ, ఆగిపోయిన లిఫ్టు గురించీ మాట్లాడుతూ ఏడుపు ఆపుకున్నాను. ఆ మధ్యాహ్నమే జీడిమెట్లలోని ఇంటి నుంచి ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్లిపోయారు. నేను చూడలేదు.

క్లాసు పిల్లలంటే మేమే. పద్దెనిమిది మందిమి, అందరం ముప్పై దాటినవాళ్లం. ఒకాయన సెక్యూరిటీ గార్డు, ఒకావిడ టైలరు, ఒకావిడ అంగన్‌వాడీ టీచరు. నేను మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీ ఫెసిలిటీస్ హెల్ప్‌డెస్కులో పనిచేస్తాను. 'కంపెనీలో' అంటున్నానే గానీ కంపెనీ మనిషిని కాను, ఏజెన్సీ మనిషిని. ఐడీ కార్డుకు వాళ్ల మెడలో నీలం తాడు, మా మెడలో పసుపు తాడు. తొమ్మిదేళ్లుగా అదే తాడు. నా కార్డు రెండే రెండు తలుపులు తెరుస్తుంది. మిగతా ఏ తలుపు దాటాలన్నా నీలం తాడు మనిషి ఎవరైనా వచ్చేదాకా అక్కడ నిలబడాలి. వాళ్లు లోపలికి వెళ్తూ వెనక్కి చూడకపోతే తలుపు మూసుకుపోతుంది.

పోయిన ఏడు మేనేజర్ మేడమ్ పిలిచి, కంపెనీ రోల్స్ మీద అడ్మిన్ అసిస్టెంట్ పోస్టు ఒకటుంది, మార్చి దాకా నీకోసం ఆపుతాను, డిగ్రీ పట్టా తెచ్చుకో అన్నారు. నాకు మిగిలింది ఒక్క లెక్కల పేపరు. రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాను. దాని బదులు కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్ ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా కోర్సు పాసైనా చాలని తెలిసి చేరాను. ఇది కూడా తప్పితే ఇక జీవితాంతం పసుపు తాడే.

క్లాసు సాయంత్రం ఏడింటికి. అప్పట్లో నా షిఫ్టు ఆరున్నరకు అయ్యేది, ఆ వేళకు నేను గోపన్‌పల్లి వెళ్లే షేర్ ఆటోలో, ఇద్దరి మధ్య ఇరుక్కుని, ఏదో ఒక సిగ్నల్ దగ్గర ఉండేదాన్ని. ఫోన్లో సారు మొహం కనబడేది కాదు. ఒక తెల్ల కాగితం, దాని మీద నీలం సిరా పెన్ను పట్టుకున్న చెయ్యి, అంతే. ఆయన ఏ లెక్కనూ మొత్తం తానే చెప్పేవారు కాదు. మొదటి లైను రాసి, తర్వాతది మాతో పైకి చెప్పించేవారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క లైను. పేర్లు గుర్తుండవని మా ఊళ్ల పేర్లతోనే పిలిచేవారు. "ఇగ గోపన్‌పల్లి చెప్పు. బోరబండ, నువ్వు అందుకో. జర ఆగు కూకట్‌పల్లి, నీ సైన్ మారలే." మేం చెప్పింది ఆయన రాసేవారు. తప్పు చెప్తే తప్పే రాసి, అలాగే ముందుకు పోనిచ్చి, చివర్లో నవ్వేవారు.

"నోట్లకెల్లి వచ్చిన లైనే చేతిల వడ్తది. నోరు మూసుకొని లెక్క చెయ్యొద్దు బిడ్డా" అనేవారు. దాంతో నేను ఆటోలో, పక్కనావిడ కూరగాయల సంచి నా ఒళ్లో సగం ఉండగా, "ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ సిక్స్ ఈక్వల్స్ జీరో" అని గట్టిగా చెప్పాల్సి వచ్చేది. "ఏం మంత్రం సదువుతున్నవక్కా?" అని ఒకసారి ఆవిడ అడిగితే, అది ఫోన్లో విన్న సారు నవ్వబోయి దగ్గులో పడ్డారు. ఆ దగ్గు ఆగేసరికి సిగ్నల్ రెండుసార్లు పడి లేచింది.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఫీజు కట్టింది ఆయన చెప్తే వినడానికి కదా, మాతోనే చెప్పించి ఆయన హాయిగా కూర్చుంటాడేమిటి అనుకునేదాన్ని. నోటి దురుసు నాకు కొంచెం ఎక్కువే. ఒకరోజు గ్రూపులోనే పెట్టేశాను: "లైన్లన్నీ మేమే చెప్తే సారెందుకు?" అని. కాసేపటికి ఆయన జవాబు వచ్చింది. "నిజమే బిడ్డా. గని నాతోని ఇంతే అయితది." ఆ మాటకు నేను గెలిచాననుకున్నాను.

పరీక్ష కూడా ఆన్‌లైన్లోనే. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కెమెరా ముందు నుంచి కదలకూడదు, కాపలా కాసి రికార్డు చేసేది కంప్యూటరే. మా ఇల్లు రెండు గదులది, మూడు పక్కలా అపార్ట్‌మెంట్లు లేచాయి. ఎవరూ లోపలికి రాకుండా బయటి నుంచి గొళ్లెం పెట్టమని మా ఆయనకు నేనే చెప్పాను. రెండు గంటలు ఆ ఉక్కలో కూర్చుని బ్రహ్మాండంగా రాశాను. మర్నాడు మెసేజ్ వచ్చింది. పరీక్ష సమయంలో మాటలు వినిపించాయట, పెదవులు కదిలాయట, కాపీ కొట్టినట్టు అనుమానమట, ఫలితం ఆపేశారట. గ్రూపు తెరిచి చూస్తే మా పద్దెనిమిది మందిలో పదకొండు మందికి అదే మెసేజ్. ఎవరికి వాళ్లం మా ఇళ్లల్లో తలుపులేసుకుని, సారు నేర్పినట్టే ప్రతి లైనూ పైకి చెప్పుకుంటూ రాశాం. అందరం కూడబలుక్కున్నామని కాలేజీవాళ్లు అనుకున్నారు. తప్పు రుజువైతే రెండేళ్లు పరీక్ష రాయనివ్వరు. నా మార్చి సంగతి చెప్పనక్కర్లేదు.

విచారణ రోజున సారును మొదటిసారి చూశాను. కాలేజీ గేటు దగ్గర ఆటో ఆగింది. బక్కపలచని మనిషి, భుజానికి సంచి, సంచిలో చిన్న ఆక్సిజన్ సిలిండరు, దాన్నుంచి ముక్కుకు గొట్టం. మొదటి అంతస్తుకు ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నాలుగు మెట్లెక్కడం, రెయిలింగ్ పట్టుకుని ఆగడం. "నువ్వు గోపన్‌పల్లే గదా? గొంతు వట్టి గుర్తువట్టిన" అన్నారు. మళ్లీ నాలుగు మెట్లెక్కాక, "ముప్పై ఏండ్లు కెమికల్ ల్యాబుల వాసనలు వీల్చిన. ఇప్పుడు గాలి సీసాల నింపుకుంటున్న" అని నవ్వారు. ఒక్క లైను చెప్పడానికే సరిపోయే ఊపిరి ఆయనది. మిగతా లైన్లకు మా ఊపిరి వాడుకున్నారు. గ్రూపులో నేను పెట్టిన మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడగాలనుకున్నాను, అక్కడ మెట్ల మీద అడగలేకపోయాను.

లోపల ముగ్గురు కూర్చుని ఉన్నారు. సారు కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, "పిల్లల తప్పేం లేదు సార్. గట్ల నేర్పింది నేనే. జర ఆ రికార్డు వెట్టుండ్రి, మీకే తెలుస్తది" అన్నారు. వాళ్లు పెట్టింది నాదే. గది నిండా నా గొంతు. "రెండు దిక్కులా స్క్వేర్ చెయ్యి గోపన్‌పల్లి... మూడు, మైనస్ రెండు... సంబరపడకు, ఎనకకు వెట్టి చూడు... మైనస్ రెండు తేలుత లేదు, దొంగ జవాబు, తీసెయ్యి..." నన్ను నేనే గోపన్‌పల్లీ అని పిలుచుకుంటున్నానని నాకూ అప్పుడే తెలిసింది. మధ్యలో కూర్చున్న పెద్దాయన నవ్వు దాచుకోవడానికి మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు.

కాపీ ఆరోపణ కొట్టేశారు. కానీ ఆ పరీక్ష చెల్లదన్నారు. పది రోజుల్లో మళ్లీ రాయాలి, ఈసారి నోరు మెదపకూడదు, కంప్యూటరుకు నచ్చజెప్పడం మా చేతుల్లో లేదన్నారు. బయటికి వచ్చాక సారు అన్నారు: "ఇరుక్కున్నం బిడ్డా. నోరు దెరిస్తే పరీక్ష పోతది, మూస్తే లెక్క పోతది."

పోయింది కూడా. ఇంట్లో పెదవులకు ప్లాస్టర్ అంటించుకుని చేసి చూశాను. సైన్లు తారుమారు, ఎక్స్ ఒక చోట, జవాబు ఇంకో చోట. మూడో రోజు ఆయనకు ఫోన్ చేసి ఉక్రోషం పట్టలేక అనేశాను. "మీరే కద సార్ గిట్ల చేసింది! నోరు మూసుకుంటే నాకు ఒక్కటి వస్తలేదు. నా నౌకరి పోయినట్టే."

"అవును, నేనే" అన్నారు ఆయన. ఊపిరి తీసుకున్నారు. "రేపటి సంది పొద్దుగాల ఆరింటికి ఫోన్ చెయ్యి. స్పీకర్ల వెట్టి, ఫోన్ కాయితం పక్కన్నే వెట్టు. లెక్క చెయ్యి. నువ్వు మాట్లాడకు, నేను గుడ మాట్లాడ."

నాకేమీ అర్థం కాలేదు, అయినా చేశాను. ఏడు పొద్దులు. గంటసేపు అవతలి నుంచి ఆయన ఊపిరి గరగర తప్ప ఏమీ వినబడేది కాదు. మొదటి రెండు రోజులు పిచ్చి పనిలా అనిపించింది. మూడో రోజు నుంచి, ఎవరో కూర్చుని ఉన్నారులే అన్న ధైర్యంతో, లైను నాలుక మీదికి రాకుండానే చేతిలోకి వచ్చేయడం మొదలైంది. చివర్లో "అయ్యిందా?" అనేవారు. జవాబులు చెప్తే "మంచిది" అని పెట్టేసేవారు. ఇంకో నలుగురికి కూడా ఇలాగే వేరే వేళలు ఇచ్చారని తర్వాత తెలిసింది.

పరీక్ష రాసి ఆయనకు ఫోన్ చేశాను. "నోరు దెర్వలేదు సార్" అన్నాను. "ఇగ దెరువు మరి, ఆకలైతలేదా?" అన్నారు. మా ఇద్దరి మధ్య అదే ఆఖరు మాట. క్షమించమని ఆ రోజూ అడగలేదు, ఫలితం వచ్చాక అడుగుదామనుకున్నాను. ఆయన పోయిన నాలుగో రోజున ఫలితం వచ్చింది. పాసయ్యాను. కాగితం మేనేజర్ మేడమ్‌కు పంపాను. ఫైలు పైకి వెళ్లిందంటున్నారు. ఇది రాస్తున్నప్పటికి నా మెడలో పసుపు తాడే ఉంది.

ఆదివారం రెండు బస్సులు మారి జీడిమెట్ల వెళ్లాను. ఫ్యాక్టరీల వాసన రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కిన చిన్న గది. సారు భార్య నా గొంతు వినగానే "గోపన్‌పల్లా?" అన్నారు. పాసయ్యానని చెప్పాను. గ్రూపులో నేను పెట్టిన మాట సంగతీ చెప్పి, ఆయన్ని అడగాల్సిన క్షమాపణ ఆమెను అడిగాను.

"అయ్యో, గదేం మాట బిడ్డా" అని ఆమె నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. "పొద్దుగాల ఫోన్ చెవికానించుకొని కూసునేటోడు. అటు మాట లేదు, ఇటు మాట లేదు. ఎవరితోనయ్యా అంటే ఊకోమని సైగ జేసేటోడు. అయినంక చెప్పేటోడు, పెన్ను సప్పుడు ఇనవడ్తది, కొట్టేసింది, మల్ల రాస్తున్నది అని. నీ పెన్ను ఆగిందనుకో, ఈయన ఊపిరి గుడ వట్టుకొనేటోడు. నాకు పానం వోయేది. నీ పెన్ను కదిలినంకనే ఇడిసేటోడు."

ఆ ఏడు పొద్దుల్లో ఫోన్లోంచి వచ్చే గరగర మధ్యమధ్య ఆగిపోతుండేది. సిగ్నల్ పోయిందనుకుని, నేను తీరిగ్గా ఆలోచించుకుంటూ కూర్చునేదాన్ని.