దిగినోడే మేనేజర్

ఇంటింటికీ టీవీలు వస్తున్న రోజులవి. చంద్రపూర్ బస్టాండులో గోండ్‌పిప్రి బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన నా చేతిలోని తెలుగు పేపరు వైపే చూస్తున్నాడు. మాట తెలుగే కానీ, చదవడం రాదట. మైదానం పక్కన కోటు వేసుకుని నిలబడ్డ మనిషి ఫోటో మీద వేలు పెట్టి, "గీయనెవరు బిడ్డా?" అన్నాడు.

"జర్మనీ ఆయన కాకా. ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడేటోడు. ఇప్పుడు ఆ టీముకే మేనేజర్."

"దిగి ఆడినోన్నే మేనేజర్ జేసిండ్రా? మా బొగ్గుబాయిల గట్ల ఎన్నడు జెయ్యలే."

ఆయనకు తెలిసిన మేనేజర్ ఒక్కడే, బొగ్గుగని పైన ఆఫీసులో కూర్చునే సాబు. ఆటలో ఆ మాటకు అర్థం వేరని చెప్పబోయి, ఆయన ముఖం చూసి ఆగాను.

"మా తమ్ముడు జెప్పిండు, 'సాబ్, పైకప్పు సప్పుడు జేస్తుంది, ఇయ్యాల దిగం' అని. 'ఏం గాదు, దిగుండ్రి' అన్నడు సాబు. ఆయన ఎన్నడన్న దిగితే గద, ఆ సప్పుడేందో ఎర్కయ్యేది."

ఆ రోజు దిగిన తమ్ముడు మళ్లీ పైకి రాలేదట.

బస్సు వచ్చింది. నేను లేస్తుంటే, "ఆ ఫోటో నాకిస్తవా బిడ్డా?" అన్నాడు. చింపి ఇచ్చాను.

"మా తమ్ముడు గూడ బాల్ మంచిగ ఆడుతుండె" అంటూ దాన్ని మడత పడకుండా అంగీ లోపల పెట్టుకున్నాడు.

ఇప్పటికీ టీవీలో మైదానం గీత బయట నిలబడి అరిచే మేనేజర్ ఎవరైనా కనిపిస్తే, "ఈయన ఒకప్పుడు దిగినవాడేనా?" అని అడుగుతాను. 'ఆడినవాడేనా' అనాలని ఇంట్లోవాళ్లు సరిదిద్దుతారు.